సంభాషణ రచనమందలి మాండలిక వివేచనము

నోటిమాటకుఁ జెవి ప్రమాణము; వ్రాఁతకుఁ గన్ను ప్రమాణము. నాటకమునందును నవలయందును సంభాషణములు వ్రాయు రచయిత చెవితో విన్నదానిని గంటికిఁ జూపవలసినవాఁడు. ఆ యత్నమున నాతఁడు పాత్రము పుట్టిన సీమను, లోకమున దాని యంతరువును, ఎదుటనున్న వారితో దానికిఁ గల సంబంధమును మాటతీరుననే సూచింపఁ జూచును. చదువరి యా సూచనను సరిగా గ్రహింపనిచో రెండు విధముల హాని గలుగును. దేశభేదముచేఁ గలిగిన రూపమును దప్పుగా నెంచి దిద్దుట యొకటి. కేవలము లేఖన విశేషమైనదానిని మాండలికముగా నెంచి లేని యర్థమును దానికిఁ గట్టుట రెండవది. మొదటిది పరిష్కర్తలును బండితులును దఱచుగాఁ జేయునది. రెండవది విమర్శకులు చేయునది. వ్రాఁతలోఁ గనఁబడిన యొక రూపము దేశమునకుఁ జెందినదా, వర్గమునకుఁ జెందినదా, వ్యక్తికిఁ జెందినదా, లేఖకునకుఁ జెందినదా యని తేల్చుటకు సాధనమేది యను విచారమే యిచటి విషయము.

ప్రాచీన మర్యాద

ఈ విచారము క్రొత్తది కాదు. భరతుఁడు నాట్యశాస్త్రమున భాషావిధానమునకుఁ బ్రత్యేకస్థానమిచ్చి, మాగధి, ఆవంతి, ప్రాచ్య, శౌరసేని, అర్ధమాగధి, బాహ్లీక, దాక్షిణాత్య యని యేడు భాషలను బేర్కొని, శబర చండాలాదుల మాటలను విభాషలుగా గణించి, యే పాత్రమున కేది తగునో విధించెను. అంతతో నిలువక, యే దేశమువారి మాటలో నే ధ్వని మిక్కిలిగా వినవచ్చునో కూడఁ జెప్పెను. గంగకును సముద్రమునకును నడుమనున్న దేశములయం దేకారము మిక్కిలి యనియు, హిమవత్సింధుసౌవీర ప్రాంతముల నుకారము మిక్కిలి యనియు నాతని మతము. ఇది యూహామాత్రము కాదు. మాగధియం దకారాంత పుంలింగములకుఁ బ్రథమైకవచన మేకారాంతమగుట ప్రాకృత వైయాకరణు లెల్లరు నెఱిఁగినదే. అపభ్రంశమున నది యుకారాంతమగుటయు నట్టిదే. అనఁగా దేశమును గుర్తించుటకు భరతుఁడు చూపిన గుఱుతు విడిపదము కాదు; మాటమాటకును మరలి వచ్చు ప్రత్యయధ్వని. మాండలిక నిర్ణయమున కింతకంటె మేలైన మొదటి సూత్రము లేదు.

శూద్రకుని మృచ్ఛకటికమునకు వ్యాఖ్య వ్రాసిన పృథ్వీధరుఁడు పాత్రముల ప్రాకృతముల నన్నింటిని వరుసగా నిరూపించెను. విదూషకునకుఁ బ్రాచ్య, వీరక చందనకుల కావంతి, సంవాహక స్థావరకాదులకు మాగధి, శకారునకు శాకారి, చండాలురకుఁ జాండాలి, ద్యూతకర మాథురులకు ఢక్కి. ఆఱవ యంకమునఁ జందనకుఁడు బండిలో దాఁగియున్న యార్యకునిఁ జూచి, నోరు జాఱి పుంలింగమున మాటలాడి, వెంటనే స్త్రీలింగముగా దిద్దుకొనును. వీరకుఁడు శంకింపఁగా, దాక్షిణాత్యులు మాట స్పష్టముగాఁ బలుకరనియుఁ, బెక్కు జాతుల భాషలెఱిఁగిన తమవంటివారి కట్టి తడఁబాటు సహజమనియు సమాధానము చెప్పును. ఇందు రెండు విశేషములు గలవు. వ్యాఖ్యాత యాతని భాష కిచ్చిన పేరు వేఱు. పాత్రము తన దేశమును గూర్చి చెప్పుకొన్నది వేఱు. కాఁబట్టి వ్యాఖ్యాత పెట్టిన పేరొక్కటే ప్రమాణము కాదు, రూపములను బరీక్షింపవలెను. రెండవది మఱియు ముఖ్యము. చందనకుఁడు చేసినది తప్పిదము. దానిని దేశభాషయను ముసుఁగునఁ గప్పెను. తప్పునకును మాండలికమునకును భేదము తెలియనివారి నట్లు మోసపుచ్చవచ్చునని యా కవి యెఱుఁగును.

ఒకే పాత్రము రెండు తీరుల మాటలాడుటయుఁ బ్రాచీనులకుఁ గొత్త కాదు. ముద్రారాక్షసమున విరాధగుప్తుఁడు పాములవాని వేషమున నున్నంత సేపు ప్రాకృతముఁ బలికి, రాక్షసునితో నేకాంతమున సంస్కృతముఁ బలుకును. ఈ మార్పును లేఖకదోషముగా నెంచి సరిచేయు పరిష్కర్త యుండఁడు. ఏలయన నచట సంస్కృత ప్రాకృతముల భేదము కన్నులకుఁ గట్టినట్లుండును. భేద మంత స్థూలము గానిచోటఁ బరిష్కర్తలు తొట్రుపడుదురు. శాకుంతలమున నాఱవ యంకపుఁ బ్రవేశకమున జాలరియు రక్షకభటులును మాగధిఁ బలుకువారు. అయినను వ్రాఁతప్రతులయందు మాగధీ లక్షణము లెల్లెడల నిలువక, లేఖకులకుఁ బరిచితమైన శౌరసేనీ రూపములు చొరఁబడినవి. నేఁటి విద్యార్థుల సంగతి చెప్పనక్కఱలేదు. వారు చదువునది తఱచుగా సంస్కృతచ్ఛాయయే. ఛాయలో రాజును జాలరియు నొకే భాష మాటలాడుదురు. కవి కల్పించిన భేదము వారికి మూలము ప్రక్కనే యున్నను గానరాదు.

అయినను బ్రాచీన మర్యాదకు మేర గలదు. నాయిక శౌరసేనిఁ బలికినంతమాత్రమున నామె శూరసేనదేశమునఁ బుట్టినదని యర్థము కాదు. ప్రాకృతములకుఁ బేరులు దేశములనుండి వచ్చినను, నాటకమున నవి యంతరువునకును బాత్రజాతికిని గుఱుతులుగా స్థిరపడినవి. చెఱుకూరి లక్ష్మీధరుని షడ్భాషాచంద్రికవంటి గ్రంథములు చదివి యా భాషలను రచించువాఁ డే దేశమువాఁడైనను గావచ్చును. అనఁగా సంస్కృత నాటకమున దేశభేదము వర్గభేదమునందు లీనమైనది. తెలుఁగు సంభాషణమునఁ బరీక్షించువాఁడు మొదట విడఁదీయవలసిన ముడి యిదియే.

గ్రామ్యమను నొకే పేరు

తెలుఁగు లాక్షణికులు లక్షణమునకు లోఁబడనిదానిని గ్రామ్యమనిరి. చిన్నయసూరి 1858లోఁ బ్రకటించిన బాలవ్యాకరణము కావ్యభాషకు లక్షణము చెప్పుటకుఁ బుట్టినది. ఆ ప్రయోజనమునకు గ్రామ్యమను నొక్క పేరు చాలును. కాని సంభాషణమును బరీక్షించునపు డది చాలదు. శ్రీకాకుళపు సేద్యగాని మాటయు, కడప వర్తకుని మాటయు, వరంగల్లు పండితుఁడు తన యింట నాడు మాటయు నొకే గంపలోఁ బడినచో నేది యేదియో తెలియు మార్గము లేదు. బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువును వేఱుగాఁ బ్రకటించుట నిఘంటురచనయందు గంపను వేఱుచేయు తొలి యత్నములలో నొకటి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము జిల్లాలవారిగా వాడుకపదములను సేకరించి, యూహకుఁ బదులు సాక్ష్యము నిలిపినది. కళింగము, కోస్తా, రాయలసీమ, తెలంగాణము అని నాలుగు మండలములుగాఁ దెలుఁగును విభజించుట యిపుడు సామాన్యముగా నంగీకృతము.

తెలుఁగు నాటకమున నీ ప్రశ్నకు రెండు సమాధానము లించుమించుగా నొకే కాలమునఁ బుట్టినవి. వేదము వేంకటరాయశాస్త్రి 1897లోఁ బ్రకటించిన ప్రతాపరుద్రీయమున నున్నతపాత్రములకు లక్షణసిద్ధ భాషను, చాకలి పేరిగాఁడు మొదలగువారికి గ్రామ్యమును నిచ్చెను. ఇది సంస్కృత నాటక మర్యాదకుఁ దెలుఁగు రూపము. దానిని సమర్థించి యాతఁడు నిబంధనమును వ్రాసెను. గురజాడ అప్పారావు కన్యాశుల్కము 1892లో విజయనగరమునఁ బ్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో మిక్కిలి పెంపొందిన రెండవ కూర్పుగా వెలువడినది. అందు వేదమధీతి చేసిన యవధానియు, నింగ్లీషు ముక్కలు దొరలించు గిరీశమును, వేశ్యయగు మధురవాణియు, సేవకుఁడగు అసిరిగాఁడును అందఱును వాడుకభాషయే మాటలాడుదురు.

పరీక్షకుని దృష్టితోఁ జూచిన నీ రెండు పద్ధతులకుఁ గల భేద మిట్టిది. మొదటి పద్ధతియం దున్నతపాత్రముల మాట యే యూరివారి నోటి మాటయుఁ గాదు. కావున గ్రామ్యపాత్రముల మాటలోని రూపమొకటి యా సీమవారందఱి సొత్తా, యా వర్గమువారిది మాత్రమేనా యని పోల్చి చూచుటకుఁ దావు లేదు. పేరిగాని మాట సజీవముగాఁ దోఁచును. అది యంతరువును స్పష్టముగాఁ జూపును. కాని దేశమును నిశ్చయించుటకు గ్రంథమం దాధారము చాలదు. రెండవ పద్ధతియం దవధానియు సేవకుఁడును నొకే సీమవారు. ఇరువురును నోటి మాటయే యాడుదురు. వారిరువురి మాటలో సమానముగా నున్నది సీమది, భేదించునది యంతరువుది. అసిరి యను పేరే కళింగసీమకుఁ గొట్టవచ్చిన గుఱుతు. ఇందువలన వేదమువారి పద్ధతి హీనమని చెప్పరాదు. రంగస్థలమున నది తక్షణమే యంతరువును దెలుపును, నవ్వును బుట్టించును. అదియే దాని యుద్దేశము. చదువరి యా గ్రంథమునుండి యా యుద్దేశమున కందని సాక్ష్యమును గోరరాదు.

అన్వయవ్యతిరేకములు

ప్రకృతి ప్రత్యయముల యర్థమును విభజించుటకు వైయాకరణులు వాడు నన్వయవ్యతిరేకములే యిచటను సాధనము. ఏది యుండఁగా నేది యుండునో, ఏది లేకున్న నేది యుండదో చూచి, యా రెంటికిని సంబంధము నిర్ణయించుట యా న్యాయము. దీనిని సంభాషణమున కన్వయింపఁగా నైదు తరగతు లేర్పడును.

ఒక సీమయం దన్ని యంతరువులవారి నోటను నుండి, యితర సీమల లేని రూపము దేశ్యభేదము. ఒక యంతరువువారి నోటఁ బలు సీమల నుండి, యా సీమలలోనే యితరుల నోట లేనిది వర్గభేదము. అన్ని సీమల నందఱి నోటను నుండి, వ్రాఁతయందు మాత్రము సామాన్యముగా రానిది సర్వసాధారణ భాషణము. అది దేన్నిఁ గూడ సూచింపదు. ఒక్క పాత్రమునం దుండి, యా పాత్రపు సీమయు నంతరువును గల యితరులయందు లేనిది వ్యక్తిలక్షణము; ఊతపదములు, నత్తి, చదువు చూపుకొను తబ్బిబ్బుమాటలు నిట్టివి. ఏ సీమయందును నే యంతరువునను లేనిది రచయిత కల్పనమో, అచ్చు తప్పో కావలెను. ఈ తరగతుల నేర్పఱుప కొక రూపమును జూచి యిది మాండలికమని పలుకుట, ధాతువును జూడక శబ్దమునకు నర్థము చెప్పినట్టిది.

ధ్వనులయందు భ్రాంతి

భ్రాంతి యెక్కువ గలుగునది ధ్వనులయందు. పదాదినున్న ఎకారమును యకారము చేర్చియు, ఒకారమును వకారము చేర్చియుఁ బలుకుట తెలుఁగువా రెల్లరకు సామాన్యము. యెక్కడ, వొకటి యని ప్రాఁతవ్రాఁతలయందు నట్లే వ్రాసిరి. నేఁటి రచయిత సేవకుని నోట మాత్రము యెక్కడ యనియు, యజమానుని నోట నెక్కడ యనియు వ్రాసినచో, భేదము కాగితము మీఁదనే కాని నోట లేదు. మహాప్రాణముల సంగతియు నించుమించు నిట్టిదే. సంస్కృతపదములలోని ఘకార భకారములను సంభాషణవేగమునఁ బూర్తిగాఁ బలుకువారు చదువుకొన్నవారిలోను దక్కువ. కాని బాద యని, బార్య యని వ్రాయఁబడునది పేదవాని మాటలోనే. అందఱును బలుకుదానిని గొందఱి నోటనే వ్రాసి చూపుట వర్ణన కాదు, అవమానము. రచయిత యట్లు తలఁపకున్నను ఫలితమట్లే యగును. పరీక్షకుఁ డిట్టి వ్రాఁతలను లెక్కనుండి తీసివేసి, మిగిలినవానినే చూడవలెను.

చకారము సకారమగుట మఱియొక యుదాహరణము. సేసినాడు, సెప్పినాడు, సూడు అను రూపములు చదువెఱుఁగనివారి మాటగాఁ దఱచుగా వ్రాయఁబడును. కళింగమునను గోస్తాయందును వినఁబడుచున్నవియు నగును. కాని కావ్యములయందు వాఁడు సేసె నను తీరు ప్రయోగములు గానవచ్చునపు డవి గ్రామ్యములు కావు. ప్రథమమీఁది పరుషములకు గసడదవలు బహుళముగా నగు నను లక్షణమువలన వచ్చిన సకార మది. రెంటిని వేఱుచేయుట వైయాకరణునకు సులభము. సంధిజనితమైన సకారము పూర్వపదమును బట్టి యుండును. వాక్యారంభమునను, ద్రుతము మీఁదను, సంధిప్రసక్తి లేని తావులయందును సకారమే నిలిచినచో నది పలుకుబడి. ఇట్టి పరీక్ష చేయక ప్రాచీనగ్రంథములలోని సకారములను బట్టి కవి జన్మస్థలము నిర్ణయించుట సాహసము.

ళకార లకారముల భేదము, ణకార నకారముల భేదము పోవుట, పదాదివకారము పోయి వీడు ఈడగుట, వెళ్ళు ఎల్లగుట మొదలగునవి వర్గమును సూచించుటకుఁ గొంత పనికివచ్చును. ఒకే యూర వీనిని బాటించువారును, బాటింపనివారును గలుగుటయే యందులకుఁ గారణము.

ప్రత్యయముల సాక్ష్యము

దేశనిర్ణయమునకు మిగుల నమ్మఁదగినది క్రియాప్రత్యయము. చేసినవాఁడు అను కృదంతమునుండి చేసినాఁడు అను రూపమేర్పడినది. రాయలసీమయందును గళింగమునను నది చేసినాడుగానే నిలిచినది. తెలంగాణమున దీర్ఘము పోయి, నడిమి యచ్చు లోపించి, నకార డకారములు కలిసి చేసిండు అయినది. కోస్తాయందు నకారమే లోపించి చేశాడు అయినది. నాలుగు మండలములును నొకే ప్రకృతినుండి తమతమ నియమములచొప్పున రూపముల సాధించుకొన్నవి. వీనిలో నొకటి శుద్ధము, తక్కినవి వికృతులు నను వాదమునకు వ్యాకరణమునఁ దావు లేదు. మూలమునకు దగ్గఱగా నుండుటయే శుద్ధతయైనచో రాయలసీమ రూపమే కోస్తా రూపముకంటె శుద్ధతరము కావలెను.

ఉత్తమపురుషము నిట్లే భేదించును. సీమయందు చేసినాను, కోస్తాయందు చేశాను, తెలంగాణమున చేసిన. ఉండు ధాతువునకు కోస్తాయందు ఉన్నాడు, ఉంది. తెలంగాణమున ఉన్నడు, ఉన్నది. రాయలసీమయందు ఉండాడు, ఉండాది. ఇవి యా సీమలందు నన్ని యంతరువులవారి యిండ్లను వినఁబడునవి గాన దేశ్యభేదములే కాని వర్గభేదములు కావు.

ఇచటను నొక జాగ్రత్త యవసరము. కోస్తా రూపమగు చేశాడు నందలి యచ్చు శుద్ధాకారము కాదు, శుద్ధైకారమును గాదు. రెంటి నడిమి ధ్వని. దానికిఁ దెలుఁగు వర్ణమాలయందు వేఱు గుఱుతు లేదు. అందువలన నొకఁడు చేశాడనియు, నొకఁడు చేసేడనియు వ్రాయును. రెండు గ్రంథములలో నీ రెండు వ్రాఁత లగపడినంతనే రెండు మాండలికములని యెంచరాదు. ఏకారము స్పష్టముగాఁ బలుకు తావులును గోదావరి యుత్తరభాగముల గలవు గాన, రచయిత యేది యుద్దేశించెనో యాతని యితర రూపములతోఁ బోల్చియే తేల్పవలెను. లిపిలేమి పాఠకునికిఁ బెట్టిన చిక్కు గాని, యిది పాత్రముయొక్క గుణము కాదు.

పదములు, పిలుపులు

పదములు సులభముగాఁ గనఁబడును. కావుననే వానిని గూర్చిన తప్పులు హెచ్చు. కళింగమున గుంట యనఁగా బిడ్డ. కోస్తాయందు గుంట యనఁగా గొయ్యి. తెలంగాణమున నదియే యెకరములో నలువదియవ పాలు కొలత. రాయలసీమయందు అంగడి యనఁగా దుకాణము. తెలంగాణమున వారపు సంత. కళింగపు బేగి, త్వరగా నను నర్థమున, ఉత్కళభాషయందును గలదు. సరిహద్దు సీమలకు నిట్టి పొత్తు సహజము. తెలంగాణపు జర ఉర్దూనుండి వచ్చినదైనను నచట నన్ని మతములవారును, నన్ని యంతరువులవారును వాడుదురు. దానిని దురకపాత్రమునకే కేటాయించిన రచయిత యా సీమ మాట వినని వాఁడు.

ఒక్క పదము దేశమును నిర్ణయింపదనుటకు యాడ యను ప్రశ్నపదము చాలును. అది రాయలసీమయందుఁ గలదు, తెలంగాణమునను గలదు. యాడుండాడు అనిన రాయలసీమ. యాడున్నడు అనిన తెలంగాణము. పదము సందేహము గలిగించినది, ప్రత్యయము తీర్చినది. భరతుఁడు ధ్వనిబాహుళ్యమును జెప్పుటలోని మర్మ మిదియే. అరువు తెచ్చిన మాటను వాక్యమున నొకచోటఁ జొప్పింపవచ్చును. ప్రత్యయమును బ్రతి వాక్యమునను నిలుపవలెనన్న నా భాష చెవికి వచ్చి యుండవలెను. కోస్తాయందుఁ బెరిగిన రచయిత తెలంగాణపు సేద్యగానిచే "జర ఆగండి, ఇప్పుడే వచ్చాను" అనిపించినచో, జర యన్నది వేషము. ఆగండి, వచ్చాను అన్నవి రచయిత సొంత నోరు. ఆ సేద్యగాఁడు తన యూర నను మాట "జర ఆగుండ్రి, ఇప్పుడే వచ్చిన". చదువుకొన్న తెలంగాణమువారు సభలయం దితర రూపములు వాడుట గలదు గాని, పొలము గట్టున నట్టి కారణము చూపవలసిన భారము రచయితదే.

పిలుపులును సర్వనామములును మఱియొక సాక్ష్యము. కోస్తాయందు ఆవిడ, రాయలసీమయందు ఆయమ్మ, ఆయప్ప యనునవి దేశ్యములు. కాని యొక పాత్రము మఱియొకని వాఁడనునా, అతఁడనునా, ఆయన యనునా యన్నది దేశ్యము కాదు, వర్గమును గాదు. ఆ యిరువుర సంబంధము. ఎదుట గారు చేర్చి, చాటున గాఁడు చేర్చు పాత్రము మాండలికము మార్చుట లేదు, ముఖము మార్చుచున్నది. మధురవాణి యెవరితో మాటలాడునో వారినిబట్టి తన మాట నడక మార్చుట కన్యాశుల్కము చదివినవా రెఱుఁగుదురు. ఆ మార్పులను గూర్పుల తప్పులుగా నెంచి యొకే తీరునకుఁ దెచ్చినచోఁ బాత్రమే మిగులదు.

రెండు పూర్వపక్షములు

రచయిత భాషాశాస్త్రవేత్త కాఁడు, అతని వ్రాఁతలో నొకచో చేసినాడనియు నొకచో చేశాడనియు నుండును, దానిని బట్టి నిర్ణయమెట్లని కొందఱందురు. నిజమే, నిలుకడ లేనివ్రాఁత గలదు. కాని నిలుకడ లేమికిని గారణముల విడఁదీయవచ్చును. మార్పు ఎదుటివానినిబట్టి వచ్చెనా, సన్నివేశమునుబట్టి వచ్చెనా యని మొదటఁ జూడవలెను. ఈ రెండును గానిచోఁ గూర్పుల పోల్చి యచ్చు తప్పేమో చూడవలెను. అదియుఁ గానిచో రచయిత యజాగ్రత్త. అజాగ్రత్త చివరఁ జెప్పవలసిన సమాధానమే కాని మొదటిది కాదు.

మాండలికమున వ్రాసిన సంభాషణ మితరసీమవారికి బోధపడదు, గ్రంథప్రయోజనమే చెడునని మఱికొందఱందురు. వాడుకచే నీ మాట వీఁగిపోయినది. రాచకొండ విశ్వనాథశాస్త్రి కథలలోని విశాఖసీమ మాటను, దాశరథి రంగాచార్యుల చిల్లర దేవుళ్ళు నవలలోని తెలంగాణపు మాటను, నామిని సుబ్రహ్మణ్యం నాయుఁడు పచ్చనాకు సాక్షిగా కథలలోని చిత్తూరు మాటను దెలుఁగువా రన్ని సీమలనుండియుఁ జదివిరి. వీరి రచనలు నిలుచుటకుఁ గల కారణములలో నిది యొకటి: వీరి పాత్రములయందు సీమ పదములలోనే కాక ప్రత్యయములలోను, వాక్యపు నడకలోను గలదు. పదములు తెలియని చదువరియు నియమము గల భాషను గొంత చదువఁగానే పట్టుకొనును. నియమములేక యక్షరములు మాత్రము విఱిచి వ్రాసినదియే బోధపడదు.

పరిష్కర్తకును బడిపండితునకును

ఇందువలన పరిష్కర్త పాటింపవలసిన పద్ధతి యేర్పడుచున్నది. సంభాషణమున లక్షణవిరుద్ధమైన రూపము గనఁబడినపుడు, దానిని దిద్దుటకు ముం దా పాత్రము మాటల నన్నింటిని వరుసగాఁ దీసి, యా రూపము నియతమో యనియతమో చూడవలెను. అదే సీమకుఁ జెందిన యితరపాత్రముల మాటతోఁ బోల్పవలెను. తొలి కూర్పును జూడవలెను. నియతమైనదానిని ముట్టరాదు. మార్చక తప్పనిచోఁ బూర్వరూపమును అడుగున నీయవలెను. మాగధి శౌరసేనిలోఁ గలసిపోయిన చోట మరల వేఱుచేయుటకుఁ బండితులు పడిన పాటును దలఁచిన, నేఁడు సులభముగా నిలుపఁగలదానిని జెఱుపుట తగదని తెలియును. పునర్ముద్రణముల సమానీకరణమను పేర నొక గ్రంథమునందలి చేసినాడులను జేశాడులుగా మార్చినవాఁడు భాషను బాగుచేసినవాఁడు కాఁడు. ఒక సీమయొక్క సాక్ష్యమును దుడిచినవాఁడు.

బడియందుఁ జిక్కు మఱియు సూక్ష్మము. పాఠమున మాండలిక సంభాషణము వచ్చినపుడు దానిని శిష్టరూపములోనికి మార్పుమని యభ్యాసమిచ్చుట వాడుక. ఆ యభ్యాసము తప్పు కాదు. పరీక్షలకును, లోకవ్యవహారమునకును సమానభాష యావశ్యకమే, లక్షణమును నేర్పక తప్పదు. కాని యభ్యాస మంతతో నిలిచినచో, ఇంట చేసిండు అను పిల్లవాఁడు తన తల్లి మాట దిద్దవలసిన తప్పని నేర్చుకొనును; ఇంట చేశాడు అను పిల్లవాఁడు తన మాట యొప్పని నేర్చుకొనును. ఇరువురును నేర్చినది యసత్యమే. ఇంకొక ప్రశ్న చేర్చిన నీ హాని తొలఁగును: ఈ రూప మెవరిది, ఏ సీమది, ఏ ప్రకృతినుండి యేర్పడినది? చేసినవాఁడు అను పదమును బల్లమీఁద వ్రాసి, దాని క్రింద చేసినాడు, చేసిండు, చేశాడు అని వ్రాసి, లోపదీర్ఘాదుల నొక్కొక్కటిగాఁ జూపుటకు బాలవ్యాకరణము చదివిన పండితునకుఁ బదినిమిషములు చాలును. ఆ తరగతిలో మూఁడు సీమల బాలురున్నచో మూఁడు రూపములును వారి నోటనుండియే వినవచ్చును. అప్పుడు వ్యాకరణము వారి యిండ్ల భాషకును శాస్త్రమని వారికిఁ దెలియును. పాఠమందలి సేద్యగాని మాటను జూచి నవ్వు బాలుఁడును నా మాట యే నియమమునకు లోఁబడి యున్నదో చెప్పఁగలవాఁ డగును.